దయాకర్‌కి చెరువు చేప

వెంకట్రాములు ఇప్పటికీ దుబాయ్ అల్ ఖూజ్‌లోనే ఉన్నాడు. అదే వర్క్‌షాపు, అదే క్యాంపు, అదే గదిలో తలుపు పక్కన కింది మంచం. గేట్లు, ఇనుప మెట్లు, షెడ్ల దూలాలు చేసే కంపెనీలో అతను చార్జ్‌హ్యాండ్, అంటే ఒక గ్యాంగుకు పెద్ద. మోచేతుల దాకా వెల్డింగ్ నిప్పురవ్వల మచ్చలు. మాట తక్కువ, ఆ తక్కువలో సగం తిట్లు. కొత్తవాళ్లు అతన్ని చూసి భయపడతారు, పాతవాళ్లు అతని జోలికి పోరు. నేను ఆ కంపెనీ పికప్ నడుపుతాను, అతని పైమంచం నాది. అతని గురించి క్యాంపులో రకరకాలుగా చెప్పుకుంటారు. చెల్లెలి మొగుణ్ని తెచ్చి చంపుకున్నాడని ఒక మాట. చచ్చినవాడికి పెట్టడానికి డ్యామ్‌లో దొంగచేపలు పట్టాడని ఇంకో మాట. మొదటిదాంట్లో ఎంత నిజముందో చదివినవాళ్లే తేల్చుకోండి. రెండోది నా కళ్ల ముందు జరిగింది.

కోరుట్ల అవతల ఒక చెరువు ఊరు అతనిది. తాతల నాటి నుంచి ఆ నీళ్ల మీద బతికిన కుటుంబం. మీసం రాకముందే వల విసరడం వచ్చింది. వానల్లేక చెరువు వరసగా ఎండిపోయిన కాలంలో వల మడిచి అటక మీద పడేసి దుబాయ్ వచ్చాడు. తర్వాత చెరువు నిండింది గానీ అతను వెనక్కి పోలేదు. ఇక్కడే పని నేర్చుకుని, గ్యాంగుకు పెద్దయి, చెల్లెలు లావణ్య మొగుడు దయాకర్‌కి వీసా తెప్పించాడు.

దయాకర్ మంచి వెల్డర్, అంతకంటే పెద్ద వాగుడుకాయ. గదిలో అతనుంటే ఇంకెవరూ ఫోన్లో పాటలు పెట్టేవాళ్లు కాదు, వినపడవు కాబట్టి. అతనికి సముద్రపు చేపంటే అసహ్యం. మెస్సులో చేప కూర పెట్టిన రోజు పళ్లెం ముందుకు తోసేసేవాడు.

"ఇది చేపనా బావా? ఉప్పుల నానవెట్టిన చెప్పు. చేపంటే మన చెరువుల జిలేబి. పులుసు వెడితే పక్కింటోడు గిన్నె వట్టుకోని రావాలె."

"మూసుకోని తిను. ఈడ నీ అయ్య చెరువు తవ్విచ్చిండా?" అనేవాడు వెంకట్రాములు.

2020 చివర్లో విమానాలు మళ్లీ మొదలయ్యాక కంపెనీ కొద్దికొద్దిగా సెలవులివ్వడం మొదలుపెట్టింది. గ్యాంగుకు ఒక్కరు చొప్పున. దయాకర్ పేరు రాలేదు. ఊళ్లో పాపకు పుట్టువెంట్రుకలు తీయించాలి, తండ్రి లేకుండా ఎట్లా అని లావణ్య అన్నకు ఫోన్ మీద ఫోన్ చేసేది. కంపెనీ ఇడుస్తలేదని వెంకట్రాములు చెప్పేవాడు. ఫిబ్రవరిలో దయాకర్‌కి కరోనా వచ్చింది. దగ్గుకుంటూ అంబులెన్సు ఎక్కాడు. ఎక్కుతూ ఏదో జోకు వేశాడు, మాస్కులోంచి ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ గదికి రాలేదు. శవాన్ని ఇంటికి పంపే వీల్లేదన్నారు. ఇక్కడే కాల్చారు. కంపెనీ మనిషి ఒక్కణ్నే రానిచ్చారు. ఆ రోజు మా గది గదంతా క్వారంటైన్‌లో ఉంది. వెంకట్రాములు గోడవైపు తిరిగి పడుకున్నాడు. 

మా వైపు మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. అన్నం, పోయినవాడు ఇష్టంగా తిన్నవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే పైకి చెప్తారు, నీ పిల్లల్ని చూసుకుంటాం, నీ అమ్మను చూసుకుంటాం, ఇంక తిను అని. వాడికి కావలసిన మాట పడితే పిట్ట దిగుతుందని నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు, అప్పుడూ లేదు. కాకికి ఆకలేస్తే తింటుంది.

ఊళ్లో దయాకర్ ఫోటో పెట్టి చేశారు. కోడి కూర, గారెలు, కల్లు. పిట్ట రాలేదు. పదో రోజు మళ్లీ పెట్టారు. వచ్చింది, విస్తరి చుట్టూ తిరిగి ఎగిరిపోయింది. వాడు కాలింది అక్కడైతే ఇక్కడికెట్లా వస్తాడు, అక్కడే పెట్టాలి, అక్కడ వాడికి అయినవాడు బావమరిదే కదా అని ఎవరో పెద్దమనిషి తేల్చాడట. ఆ సంగతి దయాకర్ తల్లి కొమురవ్వ ఫోన్ చేసి చెప్పింది. లావణ్య చెప్పలేదు. మొగుడు పోయిన రోజు ఆమె అన్నతో అన్నది ఒకటే మాట, "నువ్వే తీస్కవోయినవ్, నువ్వే తీస్కరా." ఆ తర్వాత అతను ఫోన్ చేస్తే ఎత్తడం మానేసింది.

"పిట్ట ముడితెనన్న దాని పానం నిమ్మలమైతది బిడ్డా. నీతోని మాట్లాడుతది," అన్నది కొమురవ్వ. స్పీకర్‌లో నేనూ విన్నాను.

వెంకట్రాములు చేసిందంతా ఆ మాట కోసమే. దయాకర్ ఆత్మ ఏమైందో నాకు తెలియదు, అతనికీ తెలియదు. చెల్లెలు మళ్లీ అన్నా అని పిలవాలి. అంతే.

"ఈడ కాకులు ఏడుంటయ్ రా?" అని నన్నడిగాడు.

మా క్యాంపు చుట్టూ పావురాలు, గోరింకలు, చెత్త డబ్బాల మీద పిల్లులు. కాకులంటే తూర్పు ఒడ్డున ఉన్న కల్బా ఊళ్లోనే చూశాను. గేట్లు దింపడానికి పోయినప్పుడల్లా కరెంటు తీగల మీద, సముద్రం ఒడ్డున, చేపల మార్కెట్ వెనక వందలకొద్దీ ఉంటాయి. అదే చెప్పాను.

"మరి చేప?"

"ఆడ మార్కెట్లనే కొందాం మామా."

"సముద్రంది వెడితే వస్తడా వాడు? బతికున్నప్పుడే పళ్లెం నూకినోడు."

సూపర్‌మార్కెట్‌లో జిలేబి చేప, అంటే తిలాపియా, దొరుకుతుంది, ఏ దేశానిదో, ఫ్రీజర్‌లో రాయిలాగా. ఒకటి కొనుక్కొచ్చి చూపించాను. దాని కన్ను వేలితో నొక్కి చూసి మంచం కింద పడేశాడు. వాళ్లింట్లో పద్ధతి వేరట. చేపలు పట్టే ఇంటివాళ్లు పిట్టకు చేప పెడితే అది అయినవాడి చేత్తో పట్టిందై ఉండాలి. కొన్నది చెల్లదు. పోయినవాడికి చివరిసారి మన చేతి చెమట ఇవ్వాలంటాడు. ఈ ఎడారిలో చెరువేదని అడిగితే, "నువ్వే గద ఊరంత తిరుగుతవ్, నువ్వే సూడు," అన్నాడు.

చూశాను. కల్బా వెనక కొండల్లో ఒక తోటకు అంతకుముందు గేటు దింపాను. తోటను ఆనుకుని వాన నీళ్లకు కట్టిన డ్యామ్ ఉంది. తోట కాపలా మనిషి సనావుల్లా, పెషావర్ వైపువాడు, దాంట్లో చేపలున్నాయని ఆ రోజే చెప్పాడు. ఫోన్ చేస్తే నవ్వాడు, రమ్మన్నాడు, చేపలతో పాటు బోర్డూ ఉందన్నాడు. "ఆజావో యార్. మచ్లీ హై, లేకిన్ బోర్డ్ భీ హై."

మార్చి చివర ఒక శుక్రవారం వెళ్లాం. పికప్ వెనక గిన్నె, బియ్యం, చింతపండు, కారం, పసుపు. సీటు కింద గాలపు ముళ్లు, దారం. కొండల్లో మలుపులు తిరుగుతుంటే నాకు మాట్లాడాలనిపించింది. అతనికి అనిపించలేదు.

సనావుల్లా చెప్పిన బోర్డు నిజంగానే ఉంది. ఈత కొట్టరాదు, చేపలు పట్టరాదు. చదివి వినిపించాను.

"పట్టుకుంటే జుర్మానా వేస్తరు మామా."

"వేస్తె వేయనియ్."

"బల్దియా వాలా జుమ్మా కో నహీ ఆతా," అన్నాడు సనావుల్లా, తల గోక్కుంటూ. "ఔర్ ఆయా తో మై తుమ్ కో జాన్తా హీ నహీ." శుక్రవారం మున్సిపాలిటీవాళ్లు రారట, వస్తే మేమెవరో తనకు తెలియదట.

రెండు కొండల మధ్య రాతిగోడ కట్టి నీళ్లాపారు. గోడవైపు లోతు, నీళ్లు నల్లగా ఉన్నాయి. రెండో చివర వాగు వచ్చి కలిసేచోట నీళ్లు సన్నబడి, రాళ్లలోకి, మునిగిన తుమ్మచెట్లలోకి పాకాయి. చెట్ల తలలు మాత్రమే పైకి ఉన్నాయి. చెరువులాగా అనిపించలేదు నాకు. గట్టు లేదు, గడ్డి లేదు, వాసన కూడా లేదు. రాళ్ల గిన్నెలో నీళ్లు పోసినట్టుంది.

వెంకట్రాములు నేరుగా గోడ మీదికి నడిచాడు. ఇదే కట్ట, తూము ఉండాల్సింది ఇక్కడ, ఎండలు మొదలయ్యాక చేప తూము కాడి లోతుకే దిగుతుంది అన్నాడు. ఖుబూస్ రొట్టె నమిలి ముద్ద చేసి ముల్లుకు గుచ్చి వదిలాడు. దారం వేలికి చుట్టుకుని కూర్చున్నాడు. నేనూ ఇంకో దారం వదిలాను. ఎండ కొండ దిగి మా వీపుల మీదికి వచ్చింది. దారం కదలలేదు. ఇంకో చోటికి జరిగాం. అక్కడా అంతే. ముద్ద నానిపోతే కొత్తది పెట్టడం, వదలడం. సనావుల్లా తోటకు నీళ్లు పెట్టుకుని వచ్చి చూసి పోయేవాడు.

"చాచా, మచ్లీ పకడ్ రహే హో యా పానీ కో రోటీ ఖిలా రహే హో?"

నీళ్లకు రొట్టె తినిపిస్తున్నారా అన్న ఆ మాటకు వెంకట్రాములుకు కోపం వచ్చింది. నా మీద చూపించాడు. నీ నీడ నీళ్లలో పడుతోందన్నాడు, కాళ్లు ఆడించకన్నాడు, నీ అసొంటోణ్ని చెరువు కాడికి తేవద్దన్నాడు. నాకూ ఒళ్లు మండింది.

"ఈడ తూము లేదు, ఏం లేదు మామా. ఇది నీ ఊరి చెరువు గాదు. జర అటు పోయి సూద్దాం."

"నీకేం ఎర్క చేప సంగతి?"

"నాకెర్క లేదు. నీకెర్కుంటె పొద్దటిసంది ఒక్కటన్న వడాలె గద!"

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గోడ మీద బోర్లా పడుకుని చేయి భుజం దాకా నీళ్లలో ముంచాడు. అట్లాగే కొద్దిసేపు ఉన్నాడు. లేచి చేయి లుంగీకి తుడుచుకున్నాడు.

"సల్లగున్నయ్ రా. మన దిక్కు ఈ పొద్దులకు చెరువు సగమెండి నీళ్లు కాగుతయ్. చేప లోతుకు ఉరుకుతది. గీ నీళ్లు ఇంక చలికాలంలనే ఉన్నయ్."

చేప కూడా మనిషిలాంటిదేనట, చలికి వెచ్చటి చోటు వెతుక్కుంటుందట. ఊళ్లో లెక్క ఇక్కడ తలకిందులు. పొద్దుటి నుంచి చేప లేని చోట కూర్చున్నామని అర్థమయ్యాక అతను దారం చుట్టుకుని రెండో చివరకు నడిచాడు.

అక్కడ నీళ్లు మోకాలి లోతు. అడుగు కనిపిస్తోంది. మునిగిన తుమ్మకొమ్మల మధ్య ఇసుకలో గుండ్రటి గుంటలు, పళ్లేలు బోర్లించి ఒత్తినట్టు. మేకలు తొక్కాయేమో అన్నాను.

"మేకలు నీళ్లల్ల గుండ్రంగ తొక్కుతయారా? సదువుకున్నవాయె." గొంతు తగ్గించాడు. "జిలేబి గుంటలవి. మొగది తవ్వుతది. తోకతోని ఊడ్సి, నోట్ల ఇసుక వట్టి బయట పారవోసి, గుంటల నిలవడ్తది, ఆడది వచ్చేదాక. ఆగు, కదలకు."

ఆగాను. కాసేపటికి కళ్లు అలవాటుపడ్డాయి. ప్రతి గుంటలో ఒక నల్లటి నీడ. గుంటలోనే అటూ ఇటూ తిరుగుతోంది, బయటికి పోవడం లేదు. పక్క గుంటవాడు హద్దు దాటితే దూసుకుపోయి తరిమి వెంటనే తన గుంటకు వచ్చేస్తోంది.

ఖర్జూరపు మట్ట ఒకటి చెక్కి కర్ర చేసుకున్నాడు. ఖుబూస్ ముద్ద గుంటలోకి దింపితే చేప చూసి ఊరుకుంది. సనావుల్లా తోటలో చెట్టు పాదు తవ్వి ఎర్రలు తెచ్చాం. ఎర్రను గుంట నడిమధ్యలో వదిలి, నేలకు ఆనించి, మెల్లగా లాగాడు. చేప ఒక్కసారిగా మీదపడి నోట పట్టింది.

"ఆకలికి గాదు," అన్నాడు లాగుతూ. "ఇంట్లకొచ్చిందని బయటికి నూకనీకె వట్టుకుంటది. ఇల్లు ఇడిస్తె బతుకు. ఇడువదు."

మొదటిది తుమ్మకొమ్మకు దారం చుట్టి తెంపుకుపోయింది. ముల్లు నోట్లోనే ఉండిపోయింది. రెండోసారి అతను నడుము లోతు దిగి, కొమ్మలకు అడ్డంగా నిలబడి పట్టాడు. అరచేతి కంటే పెద్దది, గొంతు కింద ఎర్రగా, ఒడ్డున పడేస్తే రాళ్ల మీద దడదడ కొట్టుకుంది. ఇంకోటి పడింది. తర్వాత ఒకటి కొంచెం లోతులో, గుంట లేని చోట పడింది. అన్నిటికంటే బరువైనది. ముల్లు తీయడానికి దవడ తెరిస్తే నోట్లోంచి చేప పిల్లలు అతని అరచేతిలోకి జారాయి. ఆవగింజలకు కళ్లు వచ్చినట్టున్నాయి.

 వెంకట్రాములు వెంటనే చేయి, చేప, పిల్లలు అన్నీ కలిపి నీళ్లలో ముంచి పట్టుకున్నాడు. తల్లి నోరు తెరిచి మూసింది. కొన్ని లోపలికి పోయాయి. కొన్ని పోలేదు, చెల్లాచెదురయ్యాయి. వదిలేశాడు.

"గదే పెద్దది మామా," అన్నాను.

"ఊకో."

పట్టిన రెండూ చాలన్నాడు. నేను దారం చుడుతూ మొదటి చేపను పట్టిన గుంటవైపు చూశాను. మేం తీసిన చేప ఉన్న చోట ఇంకో మగచేప వచ్చి నిలబడి ఉంది. అప్పుడే తోకతో ఊడుస్తోంది. అతనూ చూశాడు. మా వర్క్‌షాపులో దయాకర్ మెషీన్ మీద వేరేవాణ్ని నిలబెట్టింది వెంకట్రాములే, క్వారంటైన్ గదిలోంచే ఫోన్ చేసి, పోయిన మర్నాడే. పని ఆగదు కదా. 

సనావుల్లా గదిలో గ్యాస్ పొయ్యి మీద వండాడు. చేపల్ని బండ మీద బూడిదతో రుద్ది, తోక దగ్గర గంటు పెట్టి, చింతపండు పులుసులో వేశాడు. అన్నం నేను వండాను. వాసనకు సనావుల్లా తలుపు దగ్గరికి వచ్చాడు.

"చాచా, ఏక్ టుక్డా?"

"యే ముర్దే కా హై," ఇది పోయినవాడిదని అన్నాడు వెంకట్రాములు.

సనావుల్లా ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు పైకెత్తి ఏదో దువా చదివాడు. మరి తినేదెవరని అడిగాడు, "కౌన్ ఖాయేగా ఫిర్?"

"కవ్వా."

కాకి తినడమేంటని సనావుల్లా నా వైపు చూశాడు, నేను నిజమే అన్నట్టు తలూపాను. "కవ్వే కీ తో ఈద్ హో గయీ," కాకికి పండగేనని గొణుక్కుంటూ పోయాడు.

కల్బా చేరేసరికి ఎండ వాలింది. చేపల మార్కెట్‌కి కొంచెం అవతల, సముద్రం ఒడ్డున పిట్టగోడ దగ్గర పికప్ ఆపాను. కాకులు ఉన్నాయి. గోడ మీద వరసగా, తీగల మీద, ఇసుకలో. పొద్దుటి నుంచి మార్కెట్ చెత్తలో చేపల పేగులు తిని పొట్టలు నింపుకున్న కాకులు. వాటిని చూడగానే నాకర్థమైంది, వీటికి పులుసన్నం పెట్టడం దండగ.

విస్తరాకు లేదు, అల్యూమినియం రేకు పళ్లెం తెచ్చాం. అన్నం కుప్ప, దాని మీద చేప ముక్కలు, పులుసు. పక్కన దయాకర్ తాగే బ్రాండు సిగరెట్టు ఒకటి. మందు లేదు. కల్బా షార్జా ఇలాకా, ఇక్కడ సీసాతో దొరికితే సీదా జైలుకే. వెంకట్రాములు చెప్పులు విడిచి పళ్లెం ఇసుకలో పెట్టి వెనక్కి వచ్చాడు. ఫోన్ నా చేతికిచ్చాడు.

"బోటిమ్‌ల అత్తమ్మకు వీడియో కలుపు. పిట్ట దిక్కే పట్టు. నన్ను చూపియ్యకు."

కొమురవ్వ తెర నిండా వచ్చింది. వెనక అరుగు మీద లావణ్య, కొంగు తల మీదికి లాక్కుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది. పాప ఆమె వీపు మీద పడి ఆడుతోంది.

"ఏది, పళ్లెం ఏది? గదేనా? గంత తెల్లగ మెరుస్తదేంది?" అన్నది కొమురవ్వ. "చేప పట్టిండా, కొన్నడా?"

"పట్టిండు అవ్వా, నేను సూసిన."

"దొరికినయా ఆడ సుత?" ఆమె గొంతు ఒక్కసారి చిన్నదైంది. "రా బిడ్డా దయాకరూ. నీ జిలేబి. తిను నాయినా."

కాకి ఒకటి గోడ దిగింది. గెంతుకుంటూ వచ్చింది, పళ్లెం అంచును ముక్కుతో కొట్టింది, రేకు చప్పుడుకు బెదిరి ఎగిరిపోయింది. ఇంకోటి వచ్చి, దూరంగా నిలబడి, మెడ వంచి చూసి పోయింది.

"ఏమన్న చెప్పు బిడ్డా," అన్నది కొమురవ్వ. "వాడు ఏదో మనసుల వెట్టుకున్నడు."

వెంకట్రాములు గొంతు సవరించుకున్నాడు. "బావా. నీ బిడ్డను నేను సదివిస్త. నీ మీద ఒట్టు."

గోడ మీద కాకులు కదల్లేదు.

"అవ్వను అరుసుకుంట. దవాఖాన ఖర్చు నాది. ఇంటి రేకులు మార్పిస్త బావా. నీ బండి అమ్మనియ్య."

లేదు. గాలి వచ్చి అన్నం మీద ఇసుక చల్లింది. మా వెనక ఇద్దరు బెంగాలీలు నడుచుకుంటూ ఆగి చూసి పోయారు. తెరలో కొమురవ్వ ముక్కు చీదుతోంది. లావణ్య తల ఎత్తలేదు. నేను ఫోన్ మైకు మీద బొటనవేలు పెట్టి అతని చెవి దగ్గరికి వంగాను.

"మామా, ఫోన్ తిప్పుత. ముట్టిందని చెప్పు. ఖలాస్. నెట్ పోయిందనుకుంటరు."

అతను నా వైపు చూడలేదు. పళ్లెం వైపు రెండడుగులు వేసి ఇసుకలో గొంతుకూర్చున్నాడు. ఫోన్లో వినపడేంత గట్టిగానే మాట్లాడాడు, నా వేలు అప్పటికే మైకు మీద లేదు.

"బావా. డిసెంబర్ల నీ సెలవు వచ్చింది. మేనేజర్ నీ పేరే చెప్పిండు. నేనే వద్దన్న. పనున్నది, ఏప్రిల్ల పంపుదమని నేనే చెప్పిన. నువ్వు వోతే నా గ్యాంగు ఇరుగుతుండె. గ్యాంగు ఇరిగితే నా చార్జ్‌హ్యాండ్ నౌకరి వోతుండె. కంపెనీ ఇడుస్తలేదని నీకు చెప్పిన, చెల్లెకు చెప్పిన. కంపెనీ ఇడిచింది. ఇడువంది నేను. నువ్వు నన్ను ఒక్క మాట సుత అడగలే. ఇగ తిను బావా."

నాకూ అది కొత్త. వాళ్లిద్దరితో ఒకే గదిలో ఏడాది పడుకుని కూడా తెలియలేదు. ఫోన్ దించాలా వద్దా అని నా చేయి ఆలోచిస్తోంది. అంతలో ఒక కాకి గోడ మీంచి దిగి నేరుగా నడిచి వచ్చింది, చేప ముక్కను ముక్కుతో పట్టి లాగింది. పులుసు ఇసుకలోకి ఒలికింది. గాలి ఆగి రేకు చప్పుడు చేయలేదు కాబట్టి వచ్చిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. దాని వెనక మూడు నాలుగు దిగాయి. పళ్లెం బోర్లా పడింది, మెతుకులు చెల్లాచెదురయ్యాయి, అరుపులు.

"ముట్టింది! ముట్టిండు నా కొడుకు!" కొమురవ్వ అరిచింది. "లావణ్యా, సూడవే, తింటున్నడు..." అని, అంతకుముందు విన్న మాట అప్పుడు తలకెక్కినట్టు ఆగిపోయింది.

తెర ఊగింది. లావణ్య ఫోన్ తీసుకుంది. అంత దగ్గరగా ఆమె ముఖం నేను చూడటం అదే మొదటిసారి. ఏడవడం లేదు.

"అన్నకియ్యి," అన్నది నాతో.

ఇచ్చాను. వెంకట్రాములు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"లావణ్యా."

"ఏ నెలన్నవ్?"

"డిసెంబర్."

"పాప పుట్టెంటికలప్పుడు."

"ఊఁ."

"నేను ఫోన్ల ఏడిస్తె, కంపెనీ ఇడుస్తలేదు చెల్లె, నా చేతుల ఏమున్నదన్నవ్."

 పాప ఎవరో చూద్దామని తెరలోకి తల దూర్చింది, లావణ్య పక్కకు జరిపింది.

"పిట్ట తిన్నదా అన్నా, మంచిగ?"

అన్నా అన్నది. అది విని అతని మెడ వంగిపోయింది. "తిన్నది."

"మరి ఆయన తిప్పల తీరింది. ఇగ ఫోన్ చెయ్యకు. అవ్వకు సుత చెయ్యకు."

తెర నల్లబడింది. అతను దాంట్లోకే చూస్తూ ఉండిపోయాడు. కాకులు రేకు పళ్లేన్ని ఈడ్చుకుంటూ కొట్లాడుతున్నాయి. ఒకటి సిగరెట్టు ఎత్తుకెళ్లింది.

"ఎందుకు చెప్పినవ్ మామా?" అన్నాను. నాకు నిజంగా కోపం వచ్చింది. "ఇంకో పావుగంట ఆగితే అవే తింటుండె. ఎవరడిగిండ్రు నిన్ను?"

"దానికి చెప్పలే. పిట్టకు చెప్పిన."

"అది ఇన్నది గద!"

"ఇననియ్."

పికప్ ఎక్కమన్నాను. అతను వెనక తలుపు దించి గిన్నె ముందుకు లాక్కున్నాడు. పిట్ట ముట్టాక అయినవాళ్లు తినాలి, తినకుండా లేవకూడదు. ఇక్కడ అయినవాళ్లంటే మేమే. మూతలో నాకు అన్నం పెట్టి చేప తోక ముక్క వేశాడు. తను గిన్నెలోనే కలుపుకున్నాడు.  జిలేబిలో మట్టివాసన ఉంది, చింతపండు సరిగా నానక పులుసు పలచగా ఉంది. అతను తలెత్తకుండా తిన్నాడు, ముళ్లు ఒక్కొక్కటీ పెదాల మీదికి తెచ్చి ఇసుకలోకి ఊశాడు. కాకులు వాటికోసం దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.

"సూస్కోని తిను," అన్నాడు నాతో. "సన్న ముండ్లుంటయ్."